నడి ఏట్లో ఆగిన తెడ్డు

పూర్వం ఏటి ఒడ్డున ఉన్న ఒక నగరంలో శరభయ్య అనే కోశాధికారి ఉండేవాడు. నగరం ఖర్చు తగ్గించాలని ఆయన, జనాన్ని ఏరు దాటించే పడవవాళ్లకు జీతాలు ఆపేశాడు. పడవలు ఒడ్డెక్కాయి. అవతలి ఊళ్లవాళ్లు సంతకు రావడం మానేశారు. బేరాలు లేక దుకాణాలు మూతపడ్డాయి, నేతగాళ్లకు పని పోయింది, పన్నులు కట్టేవాళ్లు లేక ఖజానా వట్టిపోయింది. రాజు కేకలేశాడు.

శరభయ్యకు తల తిరిగిపోయింది. ఖర్చు తగ్గితే డబ్బు పెరగాలి కదా! జనం ఎందుకు రావడం లేదో అవతలి ఒడ్డుకే వెళ్లి కనుక్కుందామని, జీతం పోయిన నూకాలు అనే పడవ నడిపే ఆమెను పిలిపించి పడవెక్కాడు.

ఏటి మధ్యకు రాగానే నూకాలు తెడ్డు తీసి పక్కన పెట్టేసింది. పడవ వాలుకు కొట్టుకుపోసాగింది.

"తెడ్డు వెయ్యవేమే?" అని అరిచాడు శరభయ్య.

"ఒంట్లో సత్తువ మిగుల్చుకుంటున్నాను బాబయ్యా."

"మిగుల్చుకుని ఏం చేస్తావు?"

"అదే తెలీడం లేదండి. పడవలాపి తమరు మిగిల్చిందాన్ని ఏం చేశారో సెలవిస్తే, నేనూ అదే చేస్తాను."

అంతలో ముందు సుడిగుండం హోరు వినిపించింది.

"రేపటినుంచి అందరికీ జీతాలిస్తాను, గంగమ్మ మీద ఒట్టు! తెడ్డు వెయ్యి తల్లీ!"

నూకాలు తెడ్డందుకుంది. మర్నాటినుంచి పడవలు నడిచాయి. సంత నిండింది, మగ్గాలు ఆడాయి, ఖజానాకు మళ్లీ పన్నులు చేరాయి. ఖర్చు పెరిగితే డబ్బెలా పెరిగిందో మాత్రం శరభయ్యకు అంతుపట్టలేదు. నూకాలునే అడుగుదామనుకున్నాడు. కానీ ఆమె ఎప్పుడూ పడవలోనే ఉంటుంది, అడగాలంటే మళ్లీ ఆ పడవెక్కాలి, అందుకని ఊరుకున్నాడు.