వాకిలి వదిలిన మచ్చలయ్య

తీరానికి దూరంగా, నీళ్ల అడుగున ఓ పగడపు దిబ్బ. ఆ దిబ్బ మీద మచ్చలయ్య అని ఓ బొద్దు చేప ఉండేవాడు. నోరు చూస్తే బిందెంత, ఓపిక చూస్తే ఉగ్గుగిన్నెంత. ఎదురుగా ఈదే చేపని చిటికెలో పట్టేస్తాడు గానీ, అది కన్నంలో దూరిందంటే ఆ పూటకి పస్తే. అందుకని పాముచేప మెలికమ్మతో పొత్తు పెట్టుకున్నాడు. ఆవిడ ఎంత ఇరుకులోకైనా జారిపోతుంది.

చేప ఏ కన్నంలో దాక్కుందో మచ్చలయ్య ఆ కన్నం ముందు తలకిందులుగా నిలబడి, తల ఊపి చూపించాలి. ఆవిడ వెనక కన్నంలోంచి దూరి తరుముతుంది. లోపల దొరికితే ఆవిడది, ముందు వాకిట్లోకి వస్తే ఇతనిది. అదీ కట్టుబాటు.

మొన్నటి నుంచి చేపలన్నీ లోపలే దొరికిపోయాయి. మచ్చలయ్య కడుపు కాలిపోతోంది. ఆ పొద్దున ఓ ఎర్రచేప కన్నంలో దూరగానే, గబగబా తలకిందులై ఊపడం మొదలెట్టాడు.

"చూశాలే మరిదీ. అంత ఊపకు, ఉన్న కాస్త మెడా పట్టేస్తుంది. నే వెనకనుంచి తోలుకొస్తా, నువ్వు మాత్రం వాకిలి వదలకు," అని మెలికమ్మ వెళ్లింది.

మచ్చలయ్య ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. తోక ఒకచోట నిలవట్లేదు. కన్నంలోకి తొంగిచూశాడు.

"బాబాయ్," అంది లోపల్నుంచి ఎర్రచేప, "ఇంకా నిలబడ్డావా పాపం? లోపల మా చుట్టాలంతా ఉన్నారు. మీ వదిన వెనకవైపు తీరిగ్గా భోంచేస్తోంది."

"నోర్ముయ్. మా వదిన అలాంటిది కాదు."

"అయితే మొన్నటి నుంచి నువ్వేం తిన్నావు?"

మచ్చలయ్య నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాడు. నీళ్లలో పుట్టినవాడికి నిప్పూ పొగా ఏం తెలుసు గానీ, అనుమానం మాత్రం బాగా తెలిసింది. ఒక్కసారి చూసొస్తే పోలా అని వెనక్కి పరుగెత్తి, అక్కడి కన్నంలో తల దూర్చాడు. అంత తల ఇంత కన్నంలో ఇరుక్కుపోయింది.

సరిగ్గా అప్పుడే మెలికమ్మ తరిమిన ఎర్రచేప ముందు వాకిట్లోంచి దర్జాగా వెళ్లిపోయింది. వెనకే వచ్చిన మెలికమ్మకి వాకిట్లో ఎవరూ కనపడలేదు. చుట్టూ తిరిగి వస్తే కన్నం బయట కొట్టుకుంటున్న తోక కనపడింది. పట్టి లాగి బయటపడేసింది.

"నీ నోటికాడికే తోలుకొచ్చాను కదయ్యా. ఇక్కడేం చేస్తున్నావు?"

"నువ్వొక్కదానివే తినేస్తున్నావేమోనని..." అని నసిగాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఇంకో చేప కన్నంలో దూరింది. మచ్చలయ్య తలకిందులై ఊపాడు. మెలికమ్మ చూసింది, చూసి అవతలి బండ దగ్గర తల ఊపి పిలుస్తున్న ఇంకో బొద్దు చేప వైపు సాగిపోయింది. ఇతను పొద్దుగూకేదాకా ఊపుతూనే ఉన్నాడు.

వాకిలి కాయాల్సినవాడు వంటింట్లోకి తొంగిచూస్తే, విస్తరి వేసేవాళ్లు కూడా మిగలరు.