అడిగొచ్చిన తల్లి వెలసిన వీధి

కొత్తలంక బస్టాండులో దిగి ఎవరిని అడిగినా తూర్పుపేటకు దారి చూపిస్తారు. పేటలోకి తిరిగేసరికి నెత్తి మీది ఎండ కాస్తా ఆకుల మీదికి పోతుంది. వీధి పొడవునా కానుగ చెట్లే. అయితే అవి వరసగా ఉండవు. ఒకటి గుమ్మానికి కుడివైపు, ఒకటి ఎడమవైపు, ఇంకొకటి ప్రహరీ మూలన. మతిలేనివారెవరో నాటారనుకునేరు. ఎంతో మతి పెట్టి నాటినవే. వీధి నడుమ, అరుగున్న ఇంటికి పడమటి మూలనున్న పెద్ద కానుగే అడిగొచ్చిన తల్లి. ఆమెకు గోపురం లేదు, విగ్రహం లేదు. మొదలుకు పసుపు, ఎదుట ఒక ప్రమిద, అంతే.

పూర్వం ఇక్కడ చెట్టన్నదే లేదు. పూర్వమంటే మరీ కృతయుగం కాదు, పేటకు మునిసిపాలిటీ కుళాయిలు వచ్చిన కొత్త. వేసవిలో వీధిలో అడుగు పెడితే అరికాళ్ళు బొబ్బలెక్కేవి. ఆ ఎండను అందరూ తిట్టుకునేవారు, ఒక్క మంగతాయారు తప్ప. ఆమె భర్త వీరభద్రం బియ్యం మిల్లులో నడుము విరిగి మంచం పట్టాడు. అప్పటినుంచి ఆమె పెట్టే గుమ్మడి వడియాలు, మినప అప్పడాల మీదే ఆ ఇల్లు గడుస్తోంది. అవి ఎండవలసింది ఇంటి ముందరి అరుగు మీదే.

ఒకనాటి ఉదయం ఆమె కుళాయి దగ్గరినుంచి వచ్చేసరికి, అరుగుకు సరిగ్గా ఎదురుగా ఒక కానుగ మొక్క పాతి ఉంది. మునిసిపాలిటీ తోటపని మేస్త్రీ సన్యాసిరాజు పక్కింటి ముందు గొయ్యి తవ్విస్తున్నాడు. మంగతాయారు బిందె దించి మొక్కనూ అరుగునూ మార్చి మార్చి చూసింది. ఇది చెట్టయితే అరుగు మీద ఎండ పడదు. ఎండ పడకపోతే పొయ్యి మీద ఎసరు పడదు.

“ఏం బాబూ, మా గుమ్మం ముందు పాతేటప్పుడు మాతో ఓ మాట అనక్కర్లేదా?”

“రోడ్డు మునిసిపాలిటీదండి. మొక్క పాతడానిక్కూడా ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి చెప్పాలేంటి?”

“చెప్పాలి మరి! రోడ్డు మీది కావచ్చు, ఎండ మాది.”

మేస్త్రీ నవ్వి పక్కింటి గొయ్యి వైపు తిరిగాడు. ఆమె మొక్కను పీకేసింది. మళ్ళీ పాతారు, మళ్ళీ పీకింది. మిగతా ఇళ్ళవారు పీకనైతే లేదు గాని, చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. తమను అడగకుండా పాతిన మొక్కకు తామెందుకు నీళ్ళు మోయాలని వారి పట్టింపు. మొక్కలన్నీ ఎండి పుల్లలైపోయాయి. నింద మాత్రం మంగతాయారు నెత్తిన పడింది. ఈ వీధికి నీడ లేకుండా చేసింది ఈవిడేనని ఆమెకు వినబడేలాగానే అనేవారు. అదంతా ఆమె దులిపేసుకుంది. కాని ఒక మధ్యాహ్నం మంచం మీదినుంచి వీరభద్రం, “నీడ కోసం నేనూ అల్లాడిపోతున్నానే” అన్నాడు. ఆ మాటకు మాత్రం ఆమె కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

రోహిణికార్తెలో ఒకనాడు, వడియాల మీద కాకులు వాలకుండా కాపలా కాస్తూ, గుమ్మానికి చేరగిలబడి ఆమె కునుకు తీసింది. కలలో ఆకుపచ్చ చీర కట్టిన ముత్తయిదువ ఒకావిడ నడివీధిలో వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. పాదాల నిండా బొబ్బలు.

“అయ్యో, అక్కడ నుంచున్నావేం తల్లీ, లోపలికి రా!” అంది మంగతాయారు.

“నన్ను పీకేసింది నువ్వే కదమ్మా” అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. “పిలవని ఇంటికి వచ్చాను, తప్పు నాదే. ఈసారి అడిగే వస్తాను. ఎక్కడ నుంచోమంటావో నువ్వే చెప్పు.”

మంగతాయారుకు మెలకువ వచ్చింది. దేవత తన తప్పు ఒప్పుకోవడం ఆమె ఏ పురాణంలోనూ వినలేదు. కళ్ళు తుడుచుకుని వీధిలోకి దిగి తన ఇంటిని తేరిపార చూసింది. పొద్దు వాలితే వడియాలు ఎలాగూ ఎత్తేస్తుంది. పడమటి మూలన చెట్టుంటే నీడ అరుగు మీదికి వచ్చేది ఆ తరువాతే. ఆ మూలనే వీరభద్రం పడుకునే గది కిటికీ.

కుంకుమ భరిణె పట్టుకుని ఆమె నేరుగా మునిసిపాలిటీ మొక్కల తోటకు వెళ్ళింది. ఒక కానుగ మొక్కకు బొట్టు పెట్టి, “మా ఇంటికి రా తల్లీ, పడమటి మూలన నుంచుందువుగాని” అంది.

“మొక్కకు బొట్టేంటండీ?” అన్నాడు సన్యాసిరాజు.

“బొట్టు పెట్టి చెప్పాలా అన్నది నువ్వే కదా బాబూ? చెప్పడానికే వచ్చాను.”

నవ్వబోయిన మేస్త్రీకి నవ్వు రాలేదు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని తూర్పుపేటలో గడప గడపా ఎక్కాడు. ఆమె గడపకు బొట్టు పెట్టి “ఎక్కడ నుంచోమంటారు?” అని అడిగేది. ఇంటివారు వేలు పెట్టి చూపిన చోట అతడు గొయ్యి తీసేవాడు. తామే చూపిన చోటు గనుక నీళ్ళూ వారే పోశారు. మొక్కలు వంకరటింకరగా ఉన్నాయని పై అధికారి కసిరితే, “వరసదేముందండి, బతికాయి కదా” అన్నాడట సన్యాసిరాజు.

నేటికీ కొత్తలంకలో ఏ వీధిలో మొక్క నాటదలచినా, ముందు ఈ తల్లి చెంత కుంకుమ తీసుకుని ఆడవారు ఇంటింటికీ వెళతారు. తల్లికి అభిషేకం చెట్టు మొదలుకు పోసే బిందెడు నీళ్ళే, నైవేద్యం ఎండలో ఎండిన గుమ్మడి వడియాలే. ఇరుగుపొరుగు తగవులు ఉన్నవారు ఇక్కడ ప్రమిద వెలిగిస్తే మాటలు కలుస్తాయని నమ్మకం. వద్దన్నవారికి శాపం లేదు. వారి గడపకూ బొట్టు పెట్టి, మరుసటి ఏడు మళ్ళీ అడుగుతారు.

వీధి చివరి ఇంటి రిటైర్డు ఓవర్సీయరు భాస్కరమూర్తిగారు, వేళ్ళు గోడను లేపుతాయన్న భయంతో, ఏటా వద్దనేవారు. కిందటి ఆషాఢంలో ఎలాగూ వద్దంటారని ఆడవారు ఆ ఇల్లు దాటి వెళ్ళిపోతుంటే, ఆయన గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చి, “ఏమ్మా, మా గడప ఏం పాపం చేసింది?” అన్నారు. వారు నాలుక కరుచుకుని, వెనక్కి వచ్చి, బొట్టు పెట్టి, ఎక్కడ నుంచోమంటారని అడిగారు. ఆయన అటూ ఇటూ చూసి, గోడకు దూరంగా జరిగి, చెప్పులు విడిచి తానే నిలబడి, “ఇక్కడ” అన్నారు.

ఆ మొక్క ఇప్పుడు చిగురు వేస్తోంది. దర్శనానికి వచ్చిన భక్తులు వెళుతూ వెళుతూ దానికి ఓ చెంబెడు నీళ్ళు పోయవచ్చు. అయితే ముందు గేటు తట్టి ఆయనను అడగండి.