కుంచం మీది పోగు

మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు విశాలవర్మ అనే మహారాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సముద్రసేనుడికి ఓడరేవుల సీమ ఇచ్చాడు. నడిమివాడు శాలిసేనుడికి వరిపొలాల సీమ ఇచ్చాడు. చిన్నవాడు గిరిసేనుడికి అడవికొండల సీమ ఇచ్చాడు.

మూడు సీమల రాబడిలోనూ ఆరో పాలు ధాన్యంగా రాజధానిలోని మహాగాదెకు రావాలి. సైన్యానికి, బాటలకు పోను మిగిలింది మళ్లీ మూడు సీమలకూ పంచాలి. ఆ గాదె ఎంతటిదనుకున్నారు! మబ్బులు దాని నడుముకు తగిలి ఆగిపోయేవి. గోడకు చెవి ఆనిస్తే లోపల ధాన్యం సముద్రంలా హోరుమనేది. దానికి అధికారి జటాకరాళుడనే మాంత్రికుడు.

కొండసీమలో మూడేళ్లు వాన పడలేదు. జనం అడవి దుంపలు తవ్వుకు తిన్నారు. ఆ దుంపలూ అయిపోయాయి. గిరిసేనుడు పరుగున వచ్చాడు.

"నాన్నగారూ, ఈ నెలలో మా పాలు అందకపోతే కొండ మీద ఒక్క పొయ్యీ వెలగదు."

సముద్రసేనుడు నవ్వాడు. "నువ్వు పోసేది పిడికెడు, అడిగేది బండెడు! బాగుందిరా తమ్ముడూ."

మహారాజు మాంత్రికుడి వైపు చూశాడు. "గాదెలో ఉన్నదంతా పంచేశాను ప్రభూ," అన్నాడు వాడు.

బయట గిరిసేనుణ్ణి ఒక అమ్మాయి ఆపింది. గాదె దగ్గర ధాన్యం కొలిచే నీలవేణి.

మీరు కుంచం చూసి ఉండరు. ఇత్తడి గిన్నెలాంటి కొలపాత్ర. మా ఇంట్లో ఒకటి ఉండేది, పిల్లి అందులో నిద్రపోయేది. సరే, పిల్లి సంగతి తర్వాత. కుంచం నిండాక కూడా పోస్తూనే ఉంటే పైన గోపురంలా పోగు లేస్తుంది. అంచు మీదుగా కర్ర లాగితే పోగు రాలిపోయి కొలత చదునవుతుంది.

"దొరా, సీమల దగ్గర పోగుతో కొలుచుకుంటాం, పంచేటప్పుడు కర్ర లాగి కొలుస్తాం," అంది నీలవేణి. "పోగు పంపకానికి రాదని మాంత్రికుడు శాసనం రాయించాడు. సందెవేళ పచ్చపిట్టలు వచ్చి దాన్ని ఏడు సముద్రాల అవతలికి మోసుకుపోతాయి. అక్కడొక చిలక ఉంది, అందులోనే వాడి ప్రాణం ఉందంటారు. ఇదిగో, నా కర్ర తీసుకెళ్లండి."

"కత్తి ఇవ్వకుండా కర్ర ఇస్తావేం?"

"కత్తికి కొలత తెలియదు దొరా."

గిరిసేనుడు సముద్రపు ఒడ్డుకు చేరేసరికి మూటలో ఒకే ఒక సజ్జరొట్టె మిగిలింది. ఆకలితో ఒక చీమ, ఒక ఉడుత, ఒక తాబేలు వచ్చాయి. చీమకు నలుసంత, ఉడుతకు ముక్కంత, తాబేలుకు సగం పెట్టాడు.

"నాకు నలుసేనా?" అని చీమ అలిగింది.

"నీ పొట్ట నిండిందా?"

"నిండింది."

"తాబేలు పొట్టా నిండాలి కదా తల్లీ!"

చీమ ఆలోచించి, సరేనంది. అందరూ తాబేలు వీపు ఎక్కారు. ఒక సముద్రం పాలలా తెల్లన. ఒకటి కాటుకలా నల్లన. ఒకదాంట్లో చుక్కలు చేపల్లా ఈదుతున్నాయి. అలా ఏడూ దాటాక ఆకాశానికి ఆనుకున్న బంగారు కొండ కనిపించింది. అది కొండ కాదు, ధాన్యం! ఎన్ని తరాల నోటి ముద్దో!  గిరిసేనుడు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

గింజల మధ్య దారి చీమ చూపించింది. శిఖరాన ఏనుగంత చిలక కూర్చుని ఉంది. "ఆకలి! పోగు పెట్టు!" అని అరిచింది.

గిరిసేనుడు చిలక ముందున్న కుంచం నింపి, అంచు మీద కర్ర లాగాడు. చిలక తిన్నది. తిని గున్న ఏనుగంత అయింది.

"పోగేది?"

"పోగు పోసినవాళ్లది," అని మళ్లీ లాగాడు. చిలక మేకంత అయింది.

అంతలో మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి కర్రను ఊడలాక్కుని విసిరేశాడు. ఉడుత ఎగిరి నోట కరిచి తెచ్చింది. మూడోసారి కర్ర లాగగానే చిలక గుప్పెడంత అయింది, మాంత్రికుడు జానెడయ్యాడు.

"చంపకు బాబూ!" అన్నారు ఇద్దరూ.

"చంపను. పిట్టలను పిలిచి ఈ ధాన్యం ఇంటికి చేర్పించండి."

మూడు పగళ్లు ఆకాశం పచ్చబడిపోయింది.

గాదె ముందు మళ్లీ తగవు. పోసినంత తీసుకోవాలన్నాడు పెద్దవాడు. తలలు లెక్కపెట్టి పంచాలన్నాడు నడిమివాడు. గిరిసేనుడు సజ్జరొట్టె సంగతి చెప్పాడు.

"ఆకలి ఎక్కువ ఉన్నచోట పెద్ద పాలు పెడదాం. జనానికొక పాలు, దారి దూరమైన సీమకొక పాలు. మా అడవి నరకలేదు గనకే చిన్నన్న పొలానికి ఏరు పారుతోంది, దానికీ ఒక పాలు."

"కష్టపడి పోసినవాడికో?" అన్నాడు సముద్రసేనుడు.

"నిజమే అన్నా. అది మరిచాను. దానికీ ఒక పాలు. అయిదేళ్లకోసారి కూర్చుని మళ్లీ కొలుద్దాం. ఆకలి ఒకే ఊళ్లో కూర్చోదు."

మహారాజు తల ఊపాడు, ధాన్యం బండ్లు కొండసీమకు కదిలాయి. నాలుగోనాడు ఉత్తరాన కొండల మీద ఒక పొగ లేచింది. తర్వాత పది. తర్వాత కొండంతా పొయ్యిల పొగే. సముద్రసేనుడు తలపాగా తీసి చేత పట్టుకుని, చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు.

గిరిసేనుడు నీలవేణిని పెళ్లాడి నూరేళ్లు ఏలాడు. జానెడు మాంత్రికుడు గాదె ఊడ్చేవాడు. చిలక గుమ్మంలో కూర్చుని, వచ్చే కుంచానికీ పోయే కుంచానికీ ఒకే మాట అరిచేది: "కర్ర లాగండి!"

వాళ్ల పొయ్యిలు వెలిగాయి, నా కథ ఉడికింది. మీరు అన్నాలకు లేవండి.