నలగని నిమ్మకాయలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు క్యాబిన్లు కట్టే శోభనాద్రి మంచి పనివాడే కానీ, నలుగురు ఆగి తన పనిని మెచ్చుకుంటే చాలు, ఒళ్ళు మరిచిపోయేవాడు.

పక్క షెడ్డులో వకుళ బళ్ళకు సీట్లు కుట్టేది. ఆమె మిషన్ చప్పుడు శోభనాద్రికి రేకు మీద చినుకులు పడుతున్నట్టు వినిపించేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం.

ఒకసారి ఊళ్ళో బళ్ళ ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. రేపటి కార్లు ఎలా ఉంటాయో చూపించే బండి ఒకటి కడతానన్నాడు శోభనాద్రి. ఆటోనగర్‌లో కొత్త బండిని షెడ్డు దాటించే ముందు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కట్టినవాడే వాటిని తొక్కిస్తూ మొదటి చుట్టు తిప్పుతాడు. ఆ చుట్టులో నువ్వు నా పక్కన కూర్చోవాలని, దిగగానే మీ అమ్మను పెళ్ళి మాట అడుగుతానని వకుళకు చెప్పాడు. వకుళ మురిసిపోయి, నెమలికంఠం రంగు రెక్సిన్‌తో సీటు కుట్టడం మొదలుపెట్టింది.

కారు తయారవుతోంది. నీళ్ళలో జారే చేపలా ఉందన్నారు చూసినవాళ్ళు. ఇంకాస్త పొట్టిగా ఉంటే బాగుంటుందన్నారు ఎవరో. శోభనాద్రి పైకప్పు దించాడు. ముక్కు సన్నబడితే బాగుంటుందన్నారు ఇంకెవరో. ఇంజను పెట్టే చోటు కూడా కోసేశాడు. లోపలేమీ లేదని తెలియకుండా నల్లద్దాలు బిగించాడు. వకుళ గుర్తొచ్చినప్పుడు, చూస్తే తనే మురిసిపోతుందిలే అనుకున్నాడు.

పూజ రోజు వకుళ తల్లిని వెంటబెట్టుకుని, సీటు చంకన పెట్టుకుని వచ్చింది. తలుపు తీసింది. లోపల ఇనప చువ్వలు తప్ప ఏమీ లేవు.

"నేనెక్కడ కూర్చోను?" అంది.

"ఇది చూడ్డానికే వకుళా" అన్నాడు శోభనాద్రి.

"మరి నిమ్మకాయలెందుకు పెట్టావు?"

"డిక్కీలో కూర్చో చెల్లెమ్మా" అన్నాడొక మెకానిక్. అందరూ నవ్వారు. శోభనాద్రి కూడా నవ్వాడు. తల్లి ముందు వకుళ ముఖం చిన్నబోయింది. అయినా, ప్రదర్శనకు ఇంకా టైముంది కదా, పైకప్పు కాస్త లేపి ఈ సీటు పట్టిస్తే, తోయించుకుంటూ అయినా చుట్టు తిరుగుదామని మెల్లగా అడిగింది.

శోభనాద్రి చుట్టూ మూగిన జనాన్ని చూశాడు.

"లేపితే అందం పోతుంది" అన్నాడు.

"పదవే" అంది తల్లి. "నీకు చోటివ్వని వాడితో మనకేం పని?"

ప్రదర్శన నాడు క్రేన్ వచ్చి కారును లారీలోకి ఎత్తింది. అక్కడ జనం ఎగబడి చూశారు, ఫొటోలు దిగారు, తర్వాత ఇంకో బండి దగ్గరికి వెళ్ళిపోయారు. శోభనాద్రి కారుతో తిరిగొచ్చేసరికి షెడ్డులో నిమ్మకాయలు నలగకుండానే వడలిపోయి ఉన్నాయి. పక్క షెడ్డులో మిషన్ చప్పుడు లేదు.

కొన్నాళ్ళకు ఆ వీధిలోంచి సొట్టలు పడిన పాత ఆటో ఒకటి వెళ్ళింది. నడిపేది వకుళ భర్త. వెనక నెమలికంఠం రంగు సీటు మీద వకుళ కూర్చుని, ఏదో చెబుతూ నవ్వుతోంది. అది మలుపు తిరిగేదాకా శోభనాద్రి చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత తన కారు నల్లద్దంలో అతని ముఖం ఒక్కటే మిగిలింది.

పదిమంది మెప్పు కోసం మనవాళ్ళ చోటు కోసేసుకుంటే, మెప్పు నాలుగు రోజుల్లో వెళ్ళిపోతుంది, ఆ చోటు మాత్రం ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోతుంది.