ఒటీలా పిన్ని మూడో పిలుపు

ఎప్పుడని అడక్కండి, నాకు చెప్పినవాళ్లకే తెలీదు. ఎక్కడంటే మాత్రం చెబుతాను. కడలి దాటి, కడలి దాటి, ఇంకో కడలి దాటితే ఒక లోయ వస్తుంది. జర్మనీ దేశం నుంచి ఓడెక్కి వచ్చిన జనం అక్కడ దిగారు. తడిగుడ్డల్లో చుట్టి తెచ్చుకున్న ద్రాక్షకొమ్మలు నాటారు. కొండ తొలిచి నేలమాళిగ కట్టారు. అందులో గదంతేసి పీపాలు నిలబెట్టి ద్రాక్షసారా పులియబెట్టారు.

ఒటీలా కూడా ఆ ఓడలోనే వచ్చింది. ఎక్కినప్పుడు మొగుడితో ఎక్కింది. దిగినప్పుడు ఒక్కతే దిగింది. పిల్లల్లేరు. తోటపనికి పిలుద్దామంటే పిట్టంత మనిషి. "గంప ఎత్తితే గంప కిందే మాయమైపోతుంది" అని నవ్వేవారు.

కానీ పీపా కడగాలంటే పిట్టంత మనిషే కావాలి. పీపా అడుగున ఒక చిన్న తలుపు ఉంటుంది. అందులోంచి పాకి లోపలికి పోయి, చీకట్లో తడుముకుంటూ, చెక్కకు పట్టిన మడ్డి గీకాలి. లోపల మిగిలిన ఆవిరి చెడ్డది. కంటికి కనబడదు, మనిషిని పడగొడుతుంది. అందుకని బయట ఒకడు కాపలా ఉండి పిలుస్తూ ఉండాలి. లోపలి మనిషి పలుకుతూ ఉండాలి. మూడో పిలుపుకీ పలక్కపోతే, నడుముకు కట్టిన తాడు పట్టి బయటికి లాగాలి. అదీ అక్కడి కట్టుబాటు.

కాపలా ఉండేవాడు బెర్టోల్డ్. పీపాలు బిగించే కుర్రాడు. నోరు దురుసు, మనసు మంచిదే.

"పిన్నీ, ఉన్నావా?"

"ఉన్నాన్రా!"

బజార్లో ఒటీలాను ఎవరూ పలకరించరు. చర్చిలో పక్కన ఎవరూ కూర్చోరు. ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరూ లేరు. ఆమెను పిన్నీ అని వరస పెట్టి పిలిచేది పీపాలో ఉన్నప్పుడే.

ఒకనాడు చేతిలో బ్రష్షు జారిపోయింది. వెతుక్కుంటూ పలకడం మరిచిపోయింది.

"పిన్నీ, ఉన్నావా?" మామూలుగా పిలిచాడు.

"పిన్నీ, ఉన్నావా?" గట్టిగా పిలిచాడు.

"పిన్నీ! ఒటీలా పిన్నీ!" ఈసారి వాడి గొంతు వణికింది.

తన కోసం ఒక గొంతు వణికింది. ఒటీలా వెతకడం ఆపేసి ఆ చీకట్లో ఒక్క క్షణం అలాగే కూర్చుంది. "ఉన్నాన్రా, ఉన్నాను" అంది.

ఇక ఆనాటి నుంచి మొదటి పిలుపుకి పలికేది కాదు. రెండో పిలుపుకి పలికేది కాదు. మూడో పిలుపుకే పలికేది.

"నా ప్రాణాలు తోడేస్తున్నావు పిన్నీ! సరదాగా ఉందా నీకు?"

"చెవులు మందగించాయిరా."

"నాకు ఆకలి మందగించట్లేదు. తొందరగా కానీ!"

అలా చాలా పీపాలు గడిచాయి.

కొత్త రసం పిండే రోజు వచ్చింది. బయట వాయిద్యాలు మొదలయ్యాయి. లోయంతా అక్కడే ఉంది. ఒటీలా పీపాలో ఉంది.

"పిన్నీ, ఉన్నావా?"

ఆ రోజు మొదటి పిలుపుకే పలకాలనుకుంది ఒటీలా. తల బరువెక్కింది. నోరు పెగల్లేదు.

"పిన్నీ, ఉన్నావా?"

రెండోది ఎక్కడో దూరంగా వినబడింది. మూడోదాని కోసం చెవి ఒగ్గి, చెక్క మీద తల వాల్చింది.

బయట బెర్టోల్డ్ నవ్వాడు. "మూడోది కావాలి కదూ? ఇవాళ లేదు పో! నేను పాట విని వస్తా, నువ్వు తీరిగ్గా పలుకు."

వెళ్లిపోయాడు. పాట అయ్యాక తిరిగొచ్చి తాడు లాగితే బరువుగా వచ్చింది.

ఒటీలా సమాధి మీద మట్టి వేసి అందరూ వెళ్లిపోయాక బెర్టోల్డ్ ఒక్కడే నిలబడ్డాడు. "పిన్నీ, ఉన్నావా?" అన్నాడు.

ఇంటికి పోతూ పోతూ, ఒక్కడే ఉండే గొర్రెల ముసలాయన తలుపు ముందు ఆగాడు.

"తాతా, ఉన్నావా?"

"ఉన్నానయ్యా. ఎవరది? ఏం పని?"

"పనేం లేదు తాతా. ఉన్నావా అని."

లోపల గడియ తీసిన చప్పుడైంది.

ఇప్పటికీ ఆ లోయలో ఒంటరి మనిషి గుమ్మం ముందు నుంచి ఎవరూ ఊరికే పోరు. ఆగి వరస పెట్టి పిలుస్తారు. లోపలి మనిషి మొదటిసారికే పలికినా సరే, మూడుసార్లూ పిలుస్తారు.