గండుచీమ పిలిచిన విందు

వరండాకి అద్దాలు బిగించకముందు అక్కడ కుండీలో ఉన్న అరెకా పామ్ చెట్టు గాలికి ఊగుతూ, జల్లు కొట్టినప్పుడల్లా తలారా స్నానం చేసేది. ఆ కుండీ వెనకే పుట్టి పెరిగిన ముసలి బల్లి గౌలమ్మకి ఆ రోజులు తలుచుకుంటేనే కడుపు నిండేది. వాళ్ళమ్మ తనని మట్ట చాటున కూర్చోబెట్టుకుని ఈగని పట్టే ఒడుపు నేర్పింది అక్కడే. చినుకుల చప్పుడులో అమ్మ మాట సగమే వినపడేది. అయినా ఎంత హాయి!

ఇప్పుడా చెట్టు హాల్లో ఓ మూల దుమ్ము కప్పుకుని, పసుపు తిరిగి వాడిపోతోంది.

"ఎన్ని నీళ్ళు పోసినా ఇంతేనా? ఆదివారం దాకా చూసి చెత్తబండికి ఇచ్చేస్తాను" అంది ఇంటావిడ సుభాషిణి.

గౌలమ్మ ఆ మాట విని చెట్టు దగ్గరికి పరిగెత్తింది. గబగబా ఎక్కి ఆకుల అడుగున చూసింది. ఈనెల వెంట, మట్టల సందుల్లో తెల్లగా దూదిపింజలు!

అవి పిండినల్లులు. ఒంటి నిండా పిండి చల్లుకున్నట్టు ఉంటాయి కనక ఆ పేరు. కదలకుండా కూర్చుని ఆకు రసం పీలుస్తాయి. తాగింది ఎక్కువై తీపి జిగురు కారుస్తాయి. ఆ జిగురంటే చీమలకి ప్రాణం. మరి ఊరికే వదులుతాయా? మనం పాడిగేదెని చూసుకున్నట్టు నల్లుల్ని కాపలా కాస్తాయి.

గౌలమ్మ ఒక నల్లిని నోట పెట్టబోయిందో లేదో, గండుచీమల పెద్ద వచ్చి దాని ముక్కు మీద చురుక్కున కుట్టాడు.

"అమ్మో! ఇదేం పనిరా?"

"మా పాడి జోలికొస్తే ఊరుకుంటామా అత్తా?"

"చెట్టు చచ్చిపోతోందిరా నాయనా."

"చస్తే చచ్చింది. పక్కన మనీప్లాంట్ లేదూ? మందని అటు తోలుకుపోతాం."

"మా అమ్మ నన్ను పెంచిన చోటురా ఇది!"

"పాత ముచ్చట్లు పాలు ఇస్తాయా ఏం? పో పోవమ్మా!"

కండ చాలనిచోట బుద్ధే దిక్కు. మర్నాడు గౌలమ్మ నవ్వుమొహంతో వచ్చింది.

"అబ్బాయ్, నీ సిరి చూస్తే కళ్ళు చెదిరాయనుకో. కానీ వంటింటి గట్టు మీద మీ బావమరుదులు 'వాడికేముంది, ఎండుటాకులు తప్ప' అని నవ్వుకోరూ?"

గండుచీమ మీసాలు లేచాయి. "ఎండుటాకులా? మాకా?"

"నవ్వే నోళ్ళు మూయాలంటే ఆదివారం పొద్దున్న పిలిచి విందు పెట్టు. మీరు రోజూ పాకే గోడ పగుల్లోంచి కాదు సుమా, చుట్టాలకి అది మర్యాదా? ఇదిగో, ఈ తెల్లగోడ మీంచి దర్జాగా నడిపించుకురా."

ఆదివారం పొద్దున్న కుండీ ఎత్తడానికి వంగిన సుభాషిణికి తెల్లగోడ మీద నల్లగా బారు కనపడింది. "ఈ చెట్టుతో చీమలకేం పని?" అనుకుంటూ బారు వెంటే చూపు పోనిచ్చి, ఆకు తిప్పింది. అడుగున తెల్లగా పిండినల్లులు!

"ఓసి మీ దుంపతెగ! చెట్టుని తినేస్తున్నది మీరా!"

నల్లి బాగా పట్టిన మట్టలు కోసేసింది. సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ప్రతి ఆకూ అడుగున తుడిచింది, సందుల్లో దూదితో ఒత్తింది. మనీప్లాంట్‌ని దూరంగా జరిపింది. నల్లి ఒక్కసారికి పోయే రకం కాదు కనక, వారం వారం ఆకులు తిప్పి చూస్తూ, కనపడితే మళ్ళీ తుడిచింది. కొన్నాళ్ళకి నడిమధ్య నుంచి లేత మొవ్వు లేచింది.

విందుకి పిలిచిన ఆ ఆదివారం నాడే, తుడుపుగుడ్డకి చిక్కకుండా బయటపడ్డ బావమరుదులు గోడ మూల గండుచీమని చుట్టుముట్టారు. "విందెక్కడ బావా? సబ్బునీళ్ళు తాగించడానికా పిలిచావు?"

పాపం, ఆకు అడుగున అన్నాళ్ళు దాగిన పాడి దాదాపు అంతా ఒక్క పూటలో పోయింది. గండుచీమ ఆ పాత గోడ పగుల్లోకే జారుకున్నాడు.

దోచిన సొత్తుతో దర్పం చూపబోతే, దొంగే దారి చూపినట్టు.