గురక పట్టిన ఎద్దు

మఠం పెద్ద మాణిక్యమాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ళకొక పని చెప్పేవారు. మఠంలో ఎద్దును చూసుకునే కొమురెల్లికి ఈ సంగతి తెలుసు. తెలిసీ, ఒక ఉదయం ఆమె ముందు కూర్చుని మనసులోది బయటపెట్టాడు.

ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే బాలమణి దోసెడు బియ్యం కొంగున కట్టుకుపోతుంటే చూశామని ఎవరో అన్నారు. కొమురెల్లి ఆ మాట కటింగ్ షాపులో ఒక్కడితో చెప్పాడు. వారం తిరిగేసరికి దోసెడు కాస్తా బస్తా అయింది. తల్లిదండ్రులు బడి ముందు గుమిగూడారు, బాలమణిని పనిలోంచి తీసేశారు. కొంగులో ఉన్నవి కోళ్ళకోసం ఆమె కొట్లో కొన్న నూకలని తరువాత తేలింది గాని, అప్పటికే ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. మఠంలో భజనకు రావడం కూడా మానేసింది.

"విన్నది విన్నట్టే చెప్పిన అమ్మా, ఒక్క ముక్క కలపలేదు. తప్పు నాదెట్లయితది?" అని అడిగాడు.

ఆమె ఆ మాట విననట్టే, ఎద్దు కొన్నాళ్ళుగా గురక పెడుతోందనీ, పశువుల డాక్టరును పిలుచుకు రమ్మనీ పంపారు.

డాక్టరు ఫయాజ్ ఎద్దు ముక్కు పరీక్షించి, లోపలి రక్తనాళాల్లో పురుగులు చేరాయన్నాడు. అది రోజూ దిగే కుంటలోంచి నత్తలు తెమ్మన్నాడు. కొమురెల్లి మోకాటి లోతు దిగి, తూటికాడల కింద వెతికి కొన్ని ఏరి తెచ్చాడు. డాక్టరు గాజుగ్లాసుల్లో మంచినీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో నత్తను వేసి ఎండలో పెట్టాడు. ఎద్దుకు సూది వేసి వచ్చేసరికి ఒక గ్లాసులో నీళ్ళు మసకబారి ఉన్నాయి.

భూతద్దంలో చూస్తే ఆ మసకంతా కదులుతోంది. చీలిన తోకలున్న సన్నటి నలుసులు, లెక్కకు అందనన్ని, కిందికీ మీదికీ ఈదుతున్నాయి. కొమురెల్లి వేలు ముంచబోతే డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. అవి నత్తలోంచి వచ్చిన పురుగు పిల్లలనీ, చర్మంలోంచే దూరతాయనీ, పశువుకైతే నెత్తురులో పడి ముక్కుకు చేరతాయనీ, మనిషికి దురదతో పోతుందనీ చెప్పాడు. కొమురెల్లి పిక్కలు అప్పటికే చిమచిమలాడుతున్నాయి.

మాణిక్యమాంబ గ్లాసు దగ్గరకొచ్చి, "ఈ నత్త లోపలికి ఎన్ని పురుగులు పోయి ఉంటయి?" అని అడిగారు.

"ఒక్కటి చాలమ్మా. ఎద్దు చీమిడితో పురుగు గుడ్డు నీళ్ళలో పడుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల నత్తలో దూరుతుంది. లోపల అదే వేలకు వేలవుతుంది. బయటికొచ్చేటప్పుడు పోయినప్పటి రూపు కూడా ఉండదు."

నత్త గాజును పట్టుకుని మెల్లగా పైకి పాకుతోంది. దీనికి ఇదంతా తెలుస్తుందా అని కొమురెల్లి అడిగాడు. తెలియదన్నాడు డాక్టరు. కాకపోతే పురుగు చేరిన నత్త ఇక గుడ్లు సరిగా పెట్టలేదనీ, ఎక్కువకాలం బతకదనీ అన్నాడు. ఎద్దును కుంటలో దింపవద్దనీ, బోరు నీళ్ళు తొట్టిలో పోసి తాపమనీ చెప్పి వెళ్ళిపోయాడు.

కొమురెల్లి గ్లాసులోని ఆ నీళ్ళను కుంటకు దూరంగా, ఎండిన నేల మీద పారబోశాడు. వంగి పిక్కలు గోక్కున్నాడు. కటింగ్ షాపులో తన మాట విన్న మనిషి ముఖం గుర్తుకొచ్చింది. ఆ మనిషి ఎవరికి చెప్పాడో, వాళ్ళు ఇంకెవరికి చెప్పారో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. చివరికి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, బాలమణి ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుంటానని మాణిక్యమాంబ గారితో చెప్పాడు.

ఆమె తల ఊపారు.

"సద్ది కట్టుకొని పో నాయనా," అన్నారు. "తిరగాల్సింది ఆ ఒక్క ఇల్లే కాదు గదా."